పాత ఇంజన్ల మ్యూజియానికి పంచాయతీ డబ్బులు ఇవ్వగలదా?

గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా పాత దొడ్లలో, మూతపడ్డ మిల్లుల్లో, చింతచెట్ల కింద తుప్పు పట్టిన యంత్రాలు కనిపిస్తాయి. 1967లో నాగార్జునసాగర్ కుడికాల్వకు నీళ్లు వదలక ముందు పల్నాడు బావుల్లోంచి నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్లు, తెనాలి వైపు వడ్లు ఆడిన హల్లర్లు, దుగ్గిరాల దగ్గర పసుపు కొమ్ములకు మెరుగు పెట్టిన డ్రమ్ములు, చెరకు గానుగలు, పత్తి జిన్నింగు మిషన్లు, డెబ్బైల్లో వచ్చిన హెచ్‌ఎంటీ జెటార్ ట్రాక్టర్లు. వీటిలో కొన్నింటినైనా ఒకచోట చేర్చి పిల్లలకు చూపించాలని, నడిచే స్థితిలో ఉన్నవాటిని అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఆ చప్పుడు వినిపించాలని కోరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

మాట మొదలవగానే డబ్బు సంగతి వస్తుంది. పంచాయతీ తీర్మానం చేస్తే సరిపోతుందని ఒకరంటారు. ఎంపీ గారి నిధులు అడుగుదామని మరొకరు, కేంద్రంలో దీనికోసమే స్కీము ఉందని ఇంకొకరు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. అయినా మన ఊళ్లలో ఇలాంటి మ్యూజియాలు ఎందుకు లేవో తెలియాలంటే ఒక తేడా పట్టుకోవాలి. షెడ్డు కట్టడానికి దొరికే డబ్బు వేరు, ఆ షెడ్డు తలుపు రోజూ తీసే మనిషికి ఇవ్వాల్సిన డబ్బు వేరు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు గానీ, మ్యూజియం విషయంలో కట్టడమే తేలిక.

ఎవరి పద్దులోకీ రాని వస్తువు

రాజ్యాంగంలో మ్యూజియాలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. 12వ అంశంలో గ్రంథాలయాలను, మ్యూజియాలను కలిపి చెప్పారు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాలను 11వ షెడ్యూలులో పెట్టింది. అందులో గ్రంథాలయాలు ఉన్నాయి, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి, సాంకేతిక శిక్షణ ఉంది, సామూహిక ఆస్తుల నిర్వహణ కూడా ఉంది. మ్యూజియం అన్న మాట మాత్రం లేదు.

అలాగని పంచాయతీ చేయకూడదని కాదు. సాంస్కృతిక కార్యక్రమాల కిందనో, సామూహిక ఆస్తి కిందనో చూపించవచ్చు. అయితే పంచాయతీ సెక్రటరీ ముందుగా ఆలోచించేది ఆడిట్ గురించి. మంచినీళ్లు, డ్రైనేజీ, వీధిదీపాలు, పారిశుధ్యం చట్టం ప్రకారం తప్పక చేయాల్సిన పనులు. ఒక వీధిలో కాల్వ పూడిక తీయకుండా పాత ఇంజను కోసం ఖర్చు పెడితే ఆడిట్ పారా, అంటే లెక్కల తనిఖీలో అభ్యంతరం, పడుతుందని ఆయన భయం. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. అభ్యంతరం నిలబడితే ఆ మొత్తాన్ని బాధ్యుల దగ్గరే రాబట్టవచ్చు. అందుకే నోటిమాటగా సరే అన్న సర్పంచి, సెక్రటరీ కాగితం మీద సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు.

పురావస్తు శాఖను అడగొచ్చు కదా అంటే అక్కడ వయసు అడ్డొస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువుకు కనీసం వందేళ్లు ఉండాలి. చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లు చాలు. విజయవాడలోని బాపు మ్యూజియానికీ, అమరావతి శిల్పాలున్న మ్యూజియానికీ వెనుక ప్రభుత్వ శాఖలున్నాయి, జీతాల పద్దు ఉంది. 1955లో ఊళ్లోకి వచ్చిన ఆయిల్ ఇంజనుకు ఆ గొడుగు దొరకదు. వ్యవసాయ శాఖ లెక్కలో అది కాలం చెల్లిన పరికరం. పరిశ్రమల శాఖకు దాంతో పనే లేదు. ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో ఉన్న పాత వాహనాల పరిస్థితి మరీ కష్టం. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి తుక్కుకు వెళ్లాల్సిందే. చరిత్ర విలువ ఉన్న పాత రోడ్డు రోలరో, ట్రాక్టరో ఉంటే వేలం లిస్టులోకి ఎక్కకముందే ఎవరో ఒకరు కలెక్టరుకు రాసి పక్కకు తీయించాలి.

ఆర్థిక సంఘం డబ్బులు ఎక్కడ ఆగుతాయి

పల్లె పంచాయతీకి వచ్చే పెద్ద మొత్తాల్లో కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ముఖ్యమైనది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకే పెట్టాలని షరతు విధించింది. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి 11వ షెడ్యూలులోని విషయాలకు వాడుకోవచ్చంది. కానీ ఆ 40 శాతం కూడా జీతాలకు, ఆఫీసు నిర్వహణ ఖర్చులకు వాడకూడదని చెప్పింది.

మ్యూజియం ఆశ ఇక్కడే రెండుగా చీలుతుంది. గ్రామసభలో చర్చించి, ఊరి అభివృద్ధి ప్రణాళికలో చేర్చి, ఇంజనీరుతో ఎస్టిమేట్ వేయిస్తే రేకుల షెడ్డుకో ప్రహరీకో ఇలాంటి నిధిని అడగడానికి వీలుంది. అదే షెడ్డులో కాపలా ఉండే మనిషికి నెలకు పదిహేను వేలు ఇవ్వడానికి వీల్లేదు.

ఇంకో షరతు కూడా ఉంది. ఎన్నికైన పాలకవర్గం ఉండాలి, లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. మన రాష్ట్రంలో 2018 ఆగస్టులో పంచాయతీల పదవీకాలం ముగిశాక 2021 ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే నడిపారు. మ్యూజియం నెలసరి ఖర్చు పంచాయతీ గ్రాంటు మీద ఆధారపడి ఉంటే అలాంటి కాలంలో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ తర్వాత గ్రాంటును కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారని సర్పంచులు రోడ్డెక్కడం కూడా చూశాం. వచ్చిన డబ్బు మీదే పంచాయతీకి పట్టు లేనప్పుడు, దాన్ని నమ్ముకుని ఒక మనిషికి ఉద్యోగం ఇవ్వడం ఆ మనిషికి అన్యాయం చేయడమే.

పంచాయతీ సొంత ఆదాయం సంగతి ఒక ఊహా లెక్కతో చూద్దాం. రెండు వేల ఇళ్లున్న ఊరు, ఇంటికి సగటున ఏడాదికి 600 రూపాయల పన్ను అనుకుంటే మొత్తం డిమాండు 12 లక్షలు. పూర్తిగా వసూలు కాదు, అది వేరే సంగతి. ఇప్పుడు ఒక చిన్న మ్యూజియం ఏడాది ఖర్చు వేయండి. చూసుకునే మనిషికి నెలకు 15,000 చొప్పున 1,80,000. వారానికి ఒకటి రెండు రోజులు వచ్చే మెకానిక్కుకు నెలకు 6,000 చొప్పున 72,000. కరెంటు 30,000. డీజిల్, గ్రీజు, బెల్టులు, తుప్పు పట్టకుండా వేసే పెయింటుకు 50,000. రేకుల రిపేరు, ఇన్సూరెన్సు 28,000. మొత్తం 3,60,000. అంటే ఆ ఊరి ఇంటి పన్ను డిమాండులో 30 శాతం. ఏ పంచాయతీ అయినా దీనికి ఒప్పుకుంటే, నీళ్లు రాని వీధివాళ్లు నిలదీస్తారు. నిలదీయాలి కూడా.

టికెట్ పెడదామంటారా? మ్యూజియం ప్రవేశ రుసుము మీద జీఎస్టీ లేదు, అది మేలు. కానీ 20 రూపాయల టికెట్‌తో 3,60,000 రావాలంటే ఏడాదికి 18,000 మంది రావాలి, రోజుకు 50 మంది. సాగర్ వెళ్లే దారి పక్కనో, అమరావతి దగ్గరో అయితే ఆలోచించవచ్చు. లోపలి పల్లెలో రోజుకు 50 మంది రారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బడి పిల్లలే ఉంటారు, వాళ్ల దగ్గర 20 రూపాయలు తీసుకోవాలని నాకు అనిపించదు.

బ్యాంకులో మూలనిధి వేసి వడ్డీతో నడుపుదామంటే, 7 శాతం వడ్డీ మీద ఏడాదికి 3,60,000 రావడానికి 51 లక్షలకు పైగా కావాలి. ధరలు పెరిగేకొద్దీ అదీ చాలదు. 25 లక్షల షెడ్డు కోసం అందరం తిరుగుతాం, దానికి రెండింతలు అవసరమైన మూలనిధి గురించి శంకుస్థాపన రోజున ఎవరూ మాట్లాడరు.

గ్రంథాలయానికి దొరికింది, మ్యూజియానికి దొరకనిది

మన ప్రాంతంలోనే దీనికి పోల్చదగ్గ చరిత్ర ఒకటి ఉంది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం పుట్టింది, 1914లో అక్కడే గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కృష్ణా కాల్వ వెంబడి ఊళ్లకు పంపారు. అవన్నీ చందాలతో, స్వచ్ఛంద శ్రమతో నడిచాయి. చందాలతో ఎల్లకాలం నడవవని గ్రంథాలయ ఉద్యమం గుర్తించింది. 1948 నాటి మద్రాసు చట్టంలో, ఆ తర్వాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టంలో గ్రంథాలయ సెస్సు వచ్చింది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు వెళ్లాలి. పైన చెప్పిన ఊళ్లో 12 లక్షల పన్నుకు అది 96,000.

పెద్ద మొత్తం కాదు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి కూడా జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయవన్న ఫిర్యాదు ఎప్పుడూ ఉండేదే. అయినా ఆ సెస్సు ఉండబట్టే గ్రంథాలయ సంస్థ అడగగలుగుతోంది, బకాయి అని రాసి నోటీసు పంపగలుగుతోంది. మ్యూజియానికి ఆ హక్కు లేదు. ఏటా సర్పంచి దయ మీద, సెక్రటరీ ధైర్యం మీద ఆధారపడాలి. పంచాయతీ తనంతట తాను మ్యూజియం సెస్సు వేయడానికి వీల్లేదు, ఎందుకంటే శాసనసభ చట్టంలో అనుమతించిన పన్నులే పంచాయతీ వసూలు చేయాలి. ఆ గ్రంథాలయ సెస్సు పరిధిలోకే చిన్న గ్రామీణ మ్యూజియాలను తెచ్చేలా చట్టం సవరించమని అడగడం నాకు న్యాయంగా తోస్తుంది. రాజ్యాంగమే ఆ రెండింటినీ ఒక వాక్యంలో పెట్టింది కదా. కాకపోతే ఇప్పటికే అరకొర నిధులతో ఉన్న గ్రంథాలయాల వాటా కోసి ఇవ్వకూడదు, రేటు పెంచి ఇవ్వాలి.

బయటి నుంచి వచ్చే డబ్బు

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. శాశ్వతమైన ప్రజా ఆస్తులు కట్టడానికే అవి, నెలసరి ఖర్చులకు కాదు. కట్టాక నిర్వహణ మాదే అని వాడుకునే సంస్థ ముందే రాసివ్వాలి. అంటే మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం. కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియం గ్రాంట్ స్కీము ఉంది. స్థానిక సంస్థలు, రిజిస్టర్ అయిన సొసైటీలు, ట్రస్టులు దరఖాస్తు చేసుకోవచ్చు. పూర్తి ప్రాజెక్టు రిపోర్టు కావాలి, ఖర్చులో కొంత వాటా మనం పెట్టుకోవాలి. గ్యాలరీలు, ప్రదర్శన ఏర్పాట్లు, సేకరణను డిజిటల్ చేయడం లాంటి వాటికి ఇది మంచి దారి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు గురించి చాలామందికి ఆశ ఎక్కువ. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఆ చట్టం 7వ షెడ్యూలులో వారసత్వం, కళ, సంస్కృతి ఉన్నాయి, గ్రామీణాభివృద్ధి కూడా ఉంది. అయితే 2021 జనవరి నుంచి సీఎస్‌ఆర్ డబ్బును ఏ సంస్థ మూలనిధిలోనూ వేయడానికి వీల్లేదు. ప్రాజెక్టుకు ఖర్చు పెట్టవచ్చు, వడ్డీ తినడానికి దాచకూడదు. ఈ ఒక్క నియమం తెలియక, కంపెనీ ఇచ్చే చెక్కు మీద మూలనిధి కట్టేద్దామనుకుని మొత్తం ప్లాన్ వేసుకుంటే చివర్లో చిక్కుకుపోతారు.

మూలనిధికి మనకున్న నిజమైన ఆధారం విదేశాల్లో ఉన్న మన ఊళ్ల పిల్లలే. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వాళ్ల డబ్బుతో కట్టిన బడులు, గుళ్లు ఎన్నో ఉన్నాయి. ఇక్కడా జాగ్రత్త కావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, విదేశీ పౌరులై ఓసీఐ కార్డు ఉన్న మనవాళ్లు పంపితే మాత్రం వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కింద అనుమతి కావాలి. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థ మూడేళ్లు పని చేసి ఉండాలి, ఆ మూడేళ్లలో తన లక్ష్యాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. ఒకే ఇంట్లో అన్నయ్యది భారత పాస్‌పోర్టు, తమ్ముడిది అమెరికా పాస్‌పోర్టు అయితే వాళ్లిద్దరి చెక్కులకు రెండు వేర్వేరు చట్టాలన్నమాట. ఊళ్లో ఉండేవాళ్లు ఇస్తే ఆ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు దొరుకుతుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

మరి పంచాయతీని ఏం అడగాలి?

నగదు అడగడం చివరి మాట కావాలని నా అభిప్రాయం. స్థలం, కప్పు, కరెంటు, తీర్మానం, ఈ నాలుగూ పంచాయతీ గానీ జిల్లా పరిషత్తు గానీ ఇవ్వగలిగినవి. వీటి విలువ లక్షల్లో ఉంటుంది, ఆడిట్‌లో జవాబు చెప్పుకోవడమూ తేలిక. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పల్లెల్లో ఇలాంటి పాత యంత్రాల మ్యూజియాలు చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. కౌన్సిల్ స్థలాన్ని నామమాత్రపు అద్దెకు ఇస్తుంది, అప్పుడప్పుడు చిన్న గ్రాంటు ఇస్తుంది, మిగతాదంతా రిటైరైన వాళ్లు జీతం లేకుండా చేస్తారు. మనకు ఆ చివరి భాగం కుదరదు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు ఇంజన్లు విప్పిన మేస్త్రికి పెన్షన్ లేదు. ఆయన ఉచితంగా రావాలని కోరడం తప్పు, ఆయన చేతి పనికి కూలి కట్టాల్సిందే.

స్థలం విషయంలో జిల్లా పరిషత్తు హైస్కూలు ఆవరణ నాకు అన్నిటికన్నా అనువుగా కనిపిస్తుంది. ప్రహరీ ఉంటుంది, కరెంటు ఉంటుంది, పిల్లలు ఎలాగూ అక్కడే ఉంటారు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయినా జిల్లా పరిషత్తు ఉమ్మడి జిల్లా పేరుతోనే కొనసాగింది. పల్నాడు ఇంజను, దుగ్గిరాల పసుపు డ్రమ్ము, బాపట్ల వైపు పొగాకు సామాను ఒకే కప్పు కిందికి తేవడానికి ఆ వేదిక పనికొస్తుంది. బడిలో పెడితే బెల్టులకు, ఫ్లైవీళ్లకు ఇనుప కంచె తప్పనిసరి. తిరిగే బెల్టులో పిల్లవాడి చొక్కా చిక్కుకుంటే ఏమవుతుందో మిల్లుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు.

ఇంకో దారి విశ్వవిద్యాలయం. లూధియానాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంజాబు పల్లె జీవితం మీద 1974 నుంచి ఒక మ్యూజియం ఉంది. ఢిల్లీలోని జాతీయ వ్యవసాయ విజ్ఞాన మ్యూజియం వెనుక వ్యవసాయ పరిశోధన మండలి ఉంది. రెండూ నిలబడటానికి కారణం వాటి వెనుక ఏటా జీతాలిచ్చే సంస్థ ఉండటం. మన దగ్గర రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్రం గుంటూరు పక్కనే లాంలో ఉంది, బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. యంత్రాల పేర్లు, తయారీ సంవత్సరాలు, ఎవరి పొలంలో ఏ పని చేశాయో రాసిపెట్టే పని విద్యార్థుల ప్రాజెక్టుగా చేయించినా సగం భారం తీరుతుంది.

ఈ కాగితాలన్నీ కదలడానికి సంవత్సరాలు పడుతుంది. ఈలోగా పోటీ తుక్కు వ్యాపారితో. ఒక పాత సింగిల్ సిలిండర్ ఇంజను మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. తుక్కు ధరకు పది పన్నెండు వేలు పలుకుతుంది, వ్యాపారి సాయంత్రానికి నగదు చేతిలో పెట్టి లారీ ఎక్కించుకుపోతాడు. అందుకే మొదటి లక్ష రూపాయలు భవనం మీద పెట్టకూడదు. పది ఇంజన్లు కొనాలి, లేదా ఇంట్లోనే ఉంచండి, అమ్మేటప్పుడు మాకు ముందు చెప్పండని యజమానులతో రాయించుకోవాలి. ఫోటోలు తీయాలి. ఇంజను మీద ఉండే కంపెనీ పలక నంబరు రాసుకోవాలి.

తీసుకున్న ప్రతి వస్తువుకూ రిజిస్టరులో పేజీ ఉండాలి. దానమా, అరువా, ఎవరి పేరున, మ్యూజియం మూతపడితే ఎవరికి చేరాలి అన్నవి రాసి సంతకాలు తీసుకోవాలి. యంత్రాల యాజమాన్యం సొసైటీ దగ్గర, కప్పు యాజమాన్యం పంచాయతీ దగ్గర ఉండటం మంచిది. కొత్త పాలకవర్గం వచ్చి షెడ్డు వేరే పనికి కావాలంటే వస్తువులైనా బతుకుతాయి. పంచాయతీ తీర్మానంలో ఎన్నేళ్ల లీజు, ఏడాదికి ఎంత అద్దె, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేయించాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. సహకారం అందించబడును అన్న ఒక్క వాక్యంతో ముగిసే తీర్మానం ఎందుకూ పనికిరాదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పనికి ఖర్చు అతి తక్కువ. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిసి సొసైటీ పెట్టుకోవాలి. కంపెనీ తన సీఎస్‌ఆర్ పనిని బయటి సొసైటీకి అప్పగించాలంటే ఆ సొసైటీకి అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఎఫ్‌సీఆర్‌ఏకూ మూడేళ్లే. ఆ మూడేళ్ల లెక్క మొదలయ్యేది షెడ్డు లేచినప్పుడు కాదు, సొసైటీ రిజిస్టర్ అయి పని మొదలుపెట్టి, ఏటా ఆడిట్ చేయించి, రిటర్నులు వేస్తూ ఉన్నప్పుడు.